వీడియోలు బాగానే ఉన్నాయి, మరి పిల్లలకు కోర్సెందుకు నచ్చలేదు?

చిత్తూరు నుంచి అడిగిన డిగ్రీ లెక్చరర్ గారికి. ముందు మీ ప్రశ్న ఇంకోసారి చెప్తాను, తర్వాత చదివేవాళ్ళకు పనికొస్తుంది. వేసవి సెలవులన్నీ పెట్టి 42 వీడియోలు తీశారు, ఒక్కోటి 40 నిమిషాలు. కెమెరా అద్దెకు తెచ్చారు, వెనకాల పచ్చగుడ్డ కట్టారు, ఎడిటింగ్ కోసం మీ బావమరిదికి రాత్రుళ్ళు నిద్ర లేకుండా చేశారు. సెమిస్టర్ చివర ఫీడ్‌బ్యాక్ చూస్తే సగానికి పైగా పిల్లలు సంతృప్తి లేదని నొక్కారు. ఒకడైతే ‘సార్ బాగా చెప్పారు, కోర్సు బాలేదు’ అని రాశాడు. ఇప్పుడు ఇంకా మంచి కెమెరా కొనాలా, లైట్లు కొనాలా అని అడుగుతున్నారు.

కొనకండి. కొనాలనిపిస్తే కాలరుకు తగిలించుకునే మైకు ఒకటి కొనండి, వెయ్యి రూపాయల లోపు వస్తుంది. బొమ్మ మసగ్గా ఉన్నా పిల్లలు సర్దుకుంటారు గానీ, గొంతు గరగరలాడితే రెండు నిమిషాల్లో కట్టేసి వెళ్ళిపోతారు.

ఇక ఆ పిల్లాడు రాసిన మాట. సార్ వేరు, కోర్సు వేరు అని వాడు తేల్చేశాడు. మనం వీడియో అంటే కోర్సనుకుంటాం. పిల్లవాడికి మాత్రం కోర్సంటే లాగిన్ అవడం దగ్గర్నుంచి మార్కుల మెమోలో క్రెడిట్లు పడేదాకా జరిగేదంతా. అందులో వీడియో ఏ పావు వంతో ఉంటుందేమో. మిగతా ముప్పావు మీరు ఎవరికి అప్పగించారు? నాకు తెలిసి ఎవరికీ అప్పగించలేదు. నేనూ అంతే చేశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

నేను తిరుపతిలో పందొమ్మిదేళ్ళుగా స్టాటిస్టిక్స్ చెప్తున్నాను. స్వయం (కేంద్ర ప్రభుత్వం నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక), ఎన్‌పీటెల్ (అందులో ఐఐటీల వాళ్ళు నడిపేవి) కోర్సులు తీసుకునే పిల్లలకు మా కాలేజీలో మెంటర్‌ని కూడా. 2020లో అందరితో పాటు నేనూ ఆన్‌లైన్‌లోకి వచ్చి పడ్డాను. మొదటి క్లాసు ఇప్పటికీ గుర్తుంది, మర్చిపోదామన్నా కుదరట్లేదు. 64 మంది చేరారు. తెర మీద అన్నీ నల్ల గడులు. ఎదురుగా ముఖాలు లేకపోయేసరికి కంగారుపడి ఇంకా వేగంగా చెప్పుకుంటూ పోయాను. చివర్లో అర్థమైందా అంటే ఎవరూ పలకలేదు. సరే అర్థమైందనుకుని ముగించే ముందు చాట్ తెరిచి చూస్తే, క్లాసు మొదలైన ఆరో నిమిషంలోనే ఒకడు రాసి ఉన్నాడు, ‘మేడమ్ స్లైడ్ మారలా’ అని. అంటే నలభై నిమిషాలకు పైగా నేను లెక్కలు చెప్తుంటే వాళ్ళు నా పేరూ సబ్జెక్టు పేరూ ఉన్న మొదటి స్లైడునే చూస్తూ కూర్చున్నారు. ఒక్కరూ గొడవ చెయ్యలేదు, అదే నాకు ఎక్కువ బాధ. తర్వాతి వారం 31 మంది వచ్చారు.

క్లాస్‌రూమ్‌లో పాఠం నచ్చకపోతే ముఖంలో తెలుస్తుంది, వెనక బెంచీ గుసగుసల్లో తెలుస్తుంది. ఆన్‌లైన్‌లో వాళ్ళు కోప్పడరు, అడగరు, ఊరికే మాయమైపోతారు. కాబట్టి చివర్లో ఫీడ్‌బ్యాక్ చూసి తెలుసుకుందామంటే కుదరదు, రెండో వారానికే వాళ్ళొక నిర్ణయానికి వచ్చేసి ఉంటారు.

ఆ ఏడాది పలమనేరు దగ్గరి ఊరి అమ్మాయి ఒకతె, బాగా చదివే పిల్ల, నాలుగు అసైన్‌మెంట్లు ఇచ్చి ఐదోది మానేసింది. ఫోన్ చేశాను. ఇంట్లో ఏదో సమస్య అనుకున్నాను. ఆ పిల్ల అన్నది ఇంతే, “నేను పంపించింది మీకు చేరిందో లేదో తెలీలా మేడమ్. నాలుగుసార్లు పంపించినా.” వాళ్ళమ్మ ఫోనులో, పాలు పోసి వచ్చాక రాత్రి కూర్చుని నోట్‌బుక్కు పేజీలు ఫొటోలు తీసి పంపేదట. నేను అన్నీ కలిపి సెమిస్టర్ చివర దిద్దుదామని ఫోల్డర్లో పడేసి ఉంచాను. నా వైపు నుంచి చూస్తే అది పద్ధతి ప్రకారం పని చేయడం. ఆ పిల్ల వైపు నుంచి చూస్తే బావిలో రాయి వేసినట్టు, చప్పుడు కూడా రాలేదు.

మీ ప్రశ్నకు నా జవాబు చాలావరకు ఇక్కడే ఉంది. అవతల ఒక మనిషి ఉన్నాడు, నేను పంపింది చూశాడు అని పిల్లలకు తెలియాలి. రెండోది, ఇప్పుడు నేనేం చెయ్యాలి, ఎప్పటికి చెయ్యాలి అన్నది వెతుక్కోకుండా కనపడాలి. ఈ రెండూ ఉంటే వీడియో ఓ మోస్తరుగా ఉన్నా కోర్సు నచ్చుతుంది.

ఇది నా ఒక్కదాని అనుభవమే అనుకోకండి. దూరవిద్య మీద పనిచేసిన మైకేల్ మూర్ 1989లోనే విద్యార్థికి మూడు రకాల సంబంధాలు ఉంటాయన్నాడు: పాఠంతో, ఉపాధ్యాయుడితో, తోటి విద్యార్థులతో. 2014లో యూ-చున్ కువో అనే పరిశోధకురాలి బృందం అమెరికాలో పూర్తిగా ఆన్‌లైన్‌లో చదివే విద్యార్థుల మీద ఈ మూడింటినీ కొలిచి చూసింది. సంతృప్తిని అన్నిటికంటే బాగా చెప్పగలిగింది పాఠంతో ఉన్న సంబంధం. తర్వాత ఉపాధ్యాయుడితో ఉన్నది, ఇంటర్నెట్ వాడకంలో వాళ్ళకున్న ధైర్యం. తోటివాళ్ళతో చర్చలు సంతృప్తిని పెంచినట్టు లెక్కల్లో తేలలేదు.

ఇక్కడ చాలామంది పొరబడేది, పాఠంతో సంబంధం అంటే వీడియో చూడటం అనుకుంటారు. చూడటం కాదది, దాంతో ఏదైనా చెయ్యడం. ఎలాగో నా సబ్జెక్టు నుంచే చెప్తాను. స్టాండర్డ్ డీవియేషన్ పాఠం ఉంది, అంటే అంకెలు సగటు నుంచి ఎంత అటూ ఇటూ ఊగుతున్నాయో కొలవడం, ప్రతి పుస్తకంలోనూ పదిమంది విద్యార్థుల మార్కులిచ్చి లెక్క కట్టమంటారు. ఏళ్ళ తరబడి నేనూ అదే చెప్పాను, వాళ్ళూ ఫార్ములా బట్టీ కొట్టారు. 2023 జులైలో టమోటా కిలో వంద దాటింది కదా, మదనపల్లె మార్కెట్ పేరు రోజూ పేపర్లో వచ్చేది. ఆ వారం నేను మార్కులు పక్కన పెట్టి, మీ ఇంట్లోనో ఊళ్ళోనో ఎవరైనా టమోటా అమ్మితే పదిరోజుల బాక్సు ధరలు కనుక్కొని రాయండి, అమ్మేవాళ్ళు లేకపోతే కొన్న ధరలు రాయండి అన్నాను. సగటు ఒకటే వచ్చిన ఇద్దరు పిల్లల ధరలు పక్కపక్కన పెట్టి, వీళ్ళిద్దరిలో ఎవరి నాన్నకు రాత్రి నిద్ర పట్టి ఉండదు అని అడిగాను. అంతే, ఆ ఒక్క పోస్టుకు వచ్చినన్ని జవాబులు ఆ సెమిస్టర్ మొత్తంలో రాలేదు. ఒకడు వాళ్ళ నాన్న రాసుకున్న చీటీ ఫొటో తీసి పెట్టాడు, కమీషన్, కూలి, బండి బాడుగ అన్నీ తీసేస్తే చేతికొచ్చింది ఎంతో కింద గీత గీసి ఉంది. దాని మీద ఇంకో పాఠమే నడిచింది. వీడియో మాత్రం ఐదు నిమిషాలదే, ఇంట్లో వంటగది పక్క గదిలో తీసింది, మధ్యలో కుక్కర్ విజిల్ కూడా ఉంది.

ఇంకో లాభం కూడా ఉంది. ఎవరి లెక్క వాళ్ళదైతే కాపీ కొట్టడానికి ఏమీ ఉండదు. క్విజ్ జవాబులు టెలిగ్రామ్‌లో తిరుగుతుంటాయని మీకు తెలిసే ఉంటుంది, ఇప్పుడు చాట్‌జీపీటీ కూడా వచ్చింది. కాపీ వల్ల మార్కులు పెరిగిన పిల్లలు సంతోషంగా ఉంటారు గానీ, కూర్చుని చేసిన పిల్లలకు కడుపు మండుతుంది. ఫీడ్‌బ్యాక్‌లో ‘సంతృప్తి లేదు’ అని నొక్కినవాళ్ళలో వీళ్ళెంతమందో ఒకసారి చూసుకోండి.

డిస్కషన్ ఫోరమ్ సంగతి. వారానికి రెండు పోస్టులు, రెండు రిప్లైలు తప్పనిసరి అని పెడితే ఏం వస్తుందో నాకు తెలుసు, ‘చాలా బాగా రాశావు’ అని అరవై సార్లు వస్తుంది. దాన్ని దిద్దడం కంటే మంచి శిక్ష ఇంకోటి లేదు. వాళ్ళ అసలు చర్చ వాళ్ళ వాట్సాప్ గ్రూపులో జరుగుతుంది, అక్కడికి మనం పోకూడదు. ఆ గ్రూపులో ముగ్గురికి పైగా అడిగిన సందేహాన్ని వారానికోసారి నాకు చేరవేసే పని ఇద్దరికి అప్పగించాను, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. అంతవరకే నా జోక్యం.

ఇప్పుడు మీ 42 వీడియోలకు వద్దాం. లెక్కేస్తే 28 గంటలు. మంచి క్వాలిటీలో చూస్తే గంటకు ఒక జీబీ దాకా లాగేస్తుంది, మన పిల్లల్లో చాలామంది రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్‌లో ఉంటారు, అందులోంచే చెల్లెలికి హాట్‌స్పాట్ ఇవ్వాలి, రాత్రి వాళ్ళ నాన్న యూట్యూబ్ చూడాలి. 2014లో ఫిలిప్ గువో, ఆయన తోటి పరిశోధకులు ఎడెక్స్ అనే ఆన్‌లైన్ వేదిక కోర్సుల్లో 69 లక్షల వీక్షణలు తీసుకుని చూస్తే, వీడియో ఎంత పొడవున్నా పిల్లలు చూసే సమయం మీడియన్ (వరుసలో పేరిస్తే సరిగ్గా మధ్యన వచ్చే విలువ) ఆరు నిమిషాలు దాటలేదు. మీకు ఇంకా పనికొచ్చే మాట ఒకటి అదే పరిశోధనలో ఉంది. ఖరీదైన స్టూడియోలో తీసిన వీడియోల కంటే, తన గదిలో బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుతున్నట్టు తీసినవాటిని పిల్లలు ఎక్కువసేపు చూడొచ్చని తేలింది. మీ పచ్చగుడ్డ విప్పి ఇంట్లో ఇచ్చేయండి, దేనికైనా పనికొస్తుంది.

తీసినవాటిని పారేయమనడం లేదు. ఒక్కోదాన్ని నాలుగైదు ముక్కలు చెయ్యండి, ఒక్కో ముక్కకు ఒక ప్రశ్నను పేరుగా పెట్టండి. ‘యూనిట్ 2 పార్ట్ 3’ అని కాకుండా ‘సగటు ఎప్పుడు మోసం చేస్తుంది’ అని. పరీక్ష ముందు రోజు వాడు వెతుక్కునేది ప్రశ్ననే. ముక్కలు చేసేటప్పుడు మీరే గమనిస్తారు, 40 నిమిషాల్లో పన్నెండు నిమిషాలు ‘ఓకే, నెక్స్ట్, గత క్లాసులో మనం ఏం చెప్పుకున్నాం’ అనేదానికే పోయి ఉంటుంది. నాది చూసుకున్నప్పుడు నాకు సిగ్గేసింది. ప్రతి ముక్కకూ ఆడియో విడిగా, రెండు పేజీల నోట్స్ విడిగా పెట్టండి. మా దగ్గరికి పాకాల నుంచి, పుత్తూరు నుంచి రోజూ వచ్చిపోయే పిల్లలు బస్సులో, రైల్లో చెవిలో పెట్టుకుని వింటారు, తెర వైపు చూడరు. అక్షరాల సైజు సంగతి కూడా చెప్పాలి: స్లైడు తయారుచేశాక మీ ఫోనులో తెరిచి చెయ్యి చాపి పట్టుకుని చదవండి, కళ్ళు చికిలిస్తే ఆ స్లైడు మార్చాలి. పన్నెండు కాలమ్‌ల పట్టిక ఫోనులో చీమల బారులాగా ఉంటుంది.

కళ్ళు తెరిపించిన సంఘటన ఇంకోటి. 2021లో కాలేజీలు మళ్ళీ తెరిచాక, శ్రీకాళహస్తి నుంచి వచ్చే ఒక అబ్బాయి అసైన్‌మెంట్ ఎక్కడుందో దొరకలేదు మేడమ్ అన్నాడు. నాకు నమ్మకం కలగలేదు, సాకు అనుకున్నాను. సరే నా పక్కన కూర్చుని తెరిచి చూపించు, నేనేమీ మాట్లాడను అన్నాను. గ్లాసు అంచు పగిలిన ఫోను. ముందు పాస్‌వర్డ్ తప్పు వచ్చింది, రెండోసారి సరిపోయింది. కోర్సు తెరిచాడు, నాలుగు ఫోల్డర్లు. ‘మెటీరియల్’, ‘రిసోర్సెస్’, ‘ముఖ్యమైనవి’, ‘వారం 3 కొత్తది’. మెటీరియల్‌లోకి పోయాడు, వెనక్కొచ్చాడు. రిసోర్సెస్‌లో ఒకే పేరుతో రెండు పీడీఎఫ్‌లు, ఒకదాని చివర ‘ఫైనల్’, ఇంకోదాని చివర ‘ఫైనల్ 2’. రెండూ డౌన్‌లోడ్ చేశాడు. ఒకటి పోయిన ఏడాదిది. ఇక్కడికే పదకొండు నిమిషాలు. నా చెయ్యి ఊరుకోవడం లేదు, అదిగో ముఖ్యమైనవి నొక్కు అని నోటిదాకా వస్తోంది. ఆ తర్వాత వాడు ఏం చేశాడంటే, వాట్సాప్ తెరిచి ఫ్రెండును అడిగాడు, ‘రేయ్ అసైన్‌మెంట్ యాడుంది’ అని. వాడు స్క్రీన్‌షాట్ పంపాడు. ఆ పేజీని తయారుచేసిన మనిషిని నేను పక్కనే కూర్చుని ఉన్నాను, పిల్లవాడు దారి అడిగింది మాత్రం పదిహేను కిలోమీటర్ల అవతల ఉన్న ఫ్రెండును.

ఆ రాత్రే అన్నీ తీసేశాను. ఇప్పుడు నా కోర్సులో ప్రతి వారానికీ ఒక పేజీ, అన్ని పేజీలూ ఒకే అచ్చు. పైన రెండు వాక్యాల్లో ఈ వారం దేని గురించి, దాని కింద చూడాల్సినవి, దాని కింద చెయ్యాల్సింది, చివర గడువు. పన్నెండు వారాలూ ఇంతే, చూడటానికి విసుగ్గా ఉంటుంది. విసుగ్గానే ఉండనివ్వండి, బుర్ర పాఠం మీద పెట్టాలి గానీ పేజీ మీద కాదు. వెబ్‌సైట్ అందం మీద వర్క్‌షాపులు పెట్టేవాళ్ళు ఒప్పుకోరు గానీ నా అభిప్రాయం ఇదే.

జవాబివ్వడం గురించి మీరు వెంటనే అడిగేది నాకు తెలుసు, 120 మందికి ఒక్కొక్కరికీ ఎలా రాస్తాను అని. రాయలేరు. నేను చేసేది చెప్తాను. మొదటి వారం పని మాత్రం చాలా చిన్నది ఇస్తాను, ఐదు వాక్యాలు, అందరికీ పేరు పెట్టి ఒక లైను జవాబు రాస్తాను. ఆ వారం నాకు వేరే పనేమీ సాగదు, మా ఇంట్లో వాళ్ళకు అలవాటైపోయింది. రెండో వారం నుంచి, గడువు అయిన 48 గంటల్లోపు ఒక నాలుగు నిమిషాల ఆడియో పెడతాను, ఎక్కువమంది చేసిన తప్పులు మూడు, బాగా చేసిన ఒకటి. విడిగా జవాబు మాత్రం వారానికి పదిహేను మందికే, రోల్ నంబర్ల వరుసలో. ఎవరి వంతు ఏ వారమో ముందే చెప్పేస్తాను. వంతు వచ్చే వారం వాళ్ళు ఇంకాస్త జాగ్రత్తగా రాస్తారు, అది నేను ఊహించని లాభం. మార్కు వేసి ఊరుకుంటే సరిపోదు. ఏది సరిగ్గా ఉంది, ఏ ఒక్కటి మార్చాలి అని చెప్తే చాలు, పేజీలు నింపనక్కర్లేదు.

లైవ్ క్లాసు వారానికి ఒకటి చాలు, టైము మీరు పెట్టకండి, వాళ్ళను పెట్టనివ్వండి. నేను సాయంత్రం ఆరింటికి పెట్టి పొరపాటు చేశాను. అది పల్లెల్లో పాలు పితికి కేంద్రానికి పోసే వేళ, ఆ తర్వాత ఆడపిల్లలు వంటింట్లో ఉంటారు. ఓటింగ్ పెడితే రాత్రి ఎనిమిదిన్నర వచ్చింది. హాజరు తీసుకోను. క్లాసు మొదలవగానే ఒక లెక్క తెర మీద ఉంటుంది, చేతికి పనిచ్చేశాకే మాటలు. చాట్ చూడటానికి ఒక విద్యార్థిని పెడతాను, ఎందుకో మీకు ఇప్పటికే తెలుసు.

క్యాలెండర్ కూడా మనదే ఉండాలి. మే నెలలో తిరుపతి గంగజాతర వారంలో గడువు పెడితే సగంమంది మొక్కు తీర్చుకునే వేషాల్లో ఉంటారు. జూన్, జులైలో తోతాపురి మామిడి వస్తుంది, చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల్లో పనికి పోయే పిల్లలు మీ క్లాసులోనే ఉంటారు, అడిగితేగాని చెప్పరు. బ్రహ్మోత్సవాలప్పుడు సేవకు పోయేవాళ్ళు కొందరు, షాపుల్లో నిలబడేవాళ్ళు కొందరు. ఎన్‌పీటెల్‌లో పన్నెండు వారాల కోర్సుకు పన్నెండు అసైన్‌మెంట్లలో బాగా వచ్చిన ఎనిమిదే తీసుకుంటారు, ఆ ఒక్క నియమం ఎంతమందిని నిలబెట్టిందో మెంటర్‌గా చూశాను. ఒక వారం జ్వరమొచ్చినా, జాతరొచ్చినా కోర్సు చెడిపోదు. మీరూ అలాంటిది పెట్టుకోండి, వచ్చినవాళ్ళందరి సాకులు విని తీర్పు చెప్పే పని తప్పుతుంది.

నియమాల మాట వచ్చింది కాబట్టి. మనిషి సంతృప్తి ఎంత దొరికిందన్న దాన్నిబట్టే ఉండదు, ఏం దొరుకుతుందని అనుకున్నాడో దాంతో పోల్చుకుంటాడు అని రిచర్డ్ ఆలివర్ 1980లో రాశాడు, ఆయన రాసింది సరుకు కొనేవాళ్ళ గురించి. కోర్సుకూ అదే వర్తిస్తుంది. ఎన్‌పీటెల్‌లో అసైన్‌మెంట్లకు 25, సెంటర్‌కు వెళ్ళి రాసే పరీక్షకు 75, సర్టిఫికెట్ కావాలంటే మొదటిదాంట్లో 10, రెండోదాంట్లో 30 తెచ్చుకోవాలి. కోర్సు ఎంత కష్టంగా ఉన్నా మా పిల్లలు దీని మీద గొణగరు, మొదటి రోజే తెలుసు కాబట్టి. అదే మన కాలేజీల్లో ఆరో వారంలో ‘ప్రాజెక్టు కూడా ఉంది’ అని వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది. వాళ్ళకు మంట ప్రాజెక్టు మీద కాదు, ముందే చెప్పలేదని. వారానికి ఆరు గంటలు పడుతుంది అంటే ఆరు గంటలే పట్టాలి. మీరే ఒకసారి విద్యార్థిలాగా కూర్చుని గడియారం పెట్టుకుని చెయ్యండి, వచ్చినదాన్ని రెట్టింపు చేసి రాయండి.

క్రెడిట్ల సంగతి కోర్సు మొదలవక ముందే కాగితం మీద తేల్చుకోండి. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చేసుకోవచ్చు, అది బాగానే ఉంది. నాకు తెలిసిన ఒక కాలేజీలో ఏ కోర్సుకు బదులుగా ఏది అన్నది రాసి పెట్టుకోలేదు. పిల్లలు పాసై వచ్చారు, సర్టిఫికెట్లు ఫ్రేము కట్టించుకున్నారు, మార్కుల మెమోలో మాత్రం ఒక సెమిస్టర్ దాకా ఆ వరుస ఖాళీగానే ఉంది. వాళ్ళు ఆఫీసు చుట్టూ తిరిగారు. తర్వాతి బ్యాచ్‌కు ఆన్‌లైన్ కోర్సు అనగానే వాళ్ళు చెప్పిన మొదటి మాట అదే. పాఠం చెప్పినావిడ ఎంత బాగా చెప్పిందో ఎవరికీ గుర్తులేదు.

భాష గురించి మీరు అడగలేదు, అయినా చెప్తాను. 2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం అయింది. పిల్లలు మాత్రం పదో తరగతి దాకా తెలుగులో చదివి వచ్చినవాళ్ళు చాలామంది, కుప్పం, నగరి వైపు నుంచి వచ్చినవాళ్ళకు ఇంట్లో తమిళమో కన్నడమో కూడా ఉంటుంది. క్లాసులోనైతే మనం తెలియకుండానే తెలుగులోకి జారతాం, కెమెరా పెట్టగానే ఎందుకో ఇంగ్లీషులో బిగుసుకుపోతాం, రేపు ఎవరైనా చూస్తారని. నేను ఇప్పుడు వివరణ తెలుగులో, పదాలు ఇంగ్లీషులో, ప్రతి వీడియో చివర పరీక్షలో రాయాల్సిన రెండు వాక్యాలు ఇంగ్లీషులో చెప్తాను. సందేహం ఏ భాషలో అయినా, ఏ లిపిలో అయినా రాయొచ్చు. సందేహాల సంఖ్య పెరిగితే కంగారుపడకండి, మీకు కావలసింది అదే.

ఒక హెచ్చరిక. సంతృప్తి ఒక్కదాని వెంటే పరుగెత్తకండి. 2022లో నేను ఆ పనీ చేశాను, అందరికీ ఇరవైకి పద్దెనిమిది తక్కువ కాకుండా వేసేశాను. ఫీడ్‌బ్యాక్ చూసి మా హెచ్‌ఓడీ అభినందించారు. ఆ తర్వాతి సెమిస్టర్‌లో అదే పిల్లలు రిగ్రెషన్ లెక్క ముందు నోరు వెళ్ళబెట్టారు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ ప్రాథమిక కోర్సు మీద 2019లో ఒక పరిశోధన వచ్చింది. లెక్చర్ విన్న పిల్లల కంటే, తాము కూర్చుని లెక్కలు చేస్తూ నేర్చుకున్న పిల్లలకు పరీక్షలో ఎక్కువ మార్కులు వచ్చాయి, కానీ నేర్చుకున్నది తక్కువ అని వాళ్ళే అనుకున్నారు. చక్కగా చెప్పే సార్‌ను వింటుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది కదా. పని చేయించే కోర్సు మొదట్లో చేదుగానే ఉంటుంది, ఆ సంగతి రెండో వారంలోనే పిల్లలకు చెప్పేస్తే వాళ్ళు అంతగా విసుక్కోరు. ఎందుకు కష్టపెడుతున్నారో తెలిస్తే మన పిల్లలు పడతారు.

ఫీడ్‌బ్యాక్ ఫారం కూడా మార్చండి. సంతృప్తిగా ఉన్నారా అని అడిగితే వచ్చే జవాబుతో మీరు చెయ్యగలిగేదేమీ లేదు. మూడో వారంలో, పేర్లు లేకుండా, మూడే అడగండి: ఈ వారం ఎక్కడ ఎక్కువ టైము వృథా అయింది, ఏ వీడియో మధ్యలో ఆపేశావు, నిన్ను నువ్వే అడిగి జవాబు దొరకని ప్రశ్న ఏది. వచ్చినవాటిలో ఒక్కదాన్ని నాలుగో వారంలోనే మార్చి, మీరు చెప్పారని మార్చాను అని వాళ్ళకు రాయండి. నేను మొదటిసారి మార్చింది చాలా చిన్న విషయం, ఆదివారం రాత్రి 11:59 గడువును సోమవారం సాయంత్రానికి జరిపాను, హాస్టల్లో ఆదివారం రాత్రి అందరూ ఒకేసారి పడితే నెట్ నిలిచిపోతోందట. దానికి వచ్చినన్ని థాంక్యూలు నా ఏ పాఠానికీ రాలేదు.

ఇప్పుడు మీకు సెలవులు ఎన్ని మిగిలాయో తెలియదు, 42 వీడియోలూ ఒకేసారి తిరగేయకండి. మొదటి మూడు వారాల పేజీలు మాత్రం సిద్ధం చేసుకోండి. అవి తయారయ్యాక మీ క్లాసులో అందరికంటే పాత ఫోను ఉన్న పిల్లవాణ్ణో, పిల్లనో స్టాఫ్‌రూమ్‌కు పిలిచి, టీ ఇప్పించి, అసైన్‌మెంట్ ఎక్కడుందో వెతకమనండి. మీరు పక్కన కూర్చోండి, నోరు మాత్రం తెరవకండి. ఎన్ని నిమిషాలు పట్టిందో ఇక్కడే కింద రాయండి, అప్పుడు మిగతాది మాట్లాడుకుందాం.